ఉత్తరాల్లో నేర్చిన బాంజో

షికాగో
1923 అక్టోబరు 14

అక్కా,

నేను బాగానే ఉన్నాను, నా పెదవి అంతకంటే బాగుంది. బూర ఊదేవాడి క్షేమం తెలియాలంటే ముందు పెదవి సంగతి అడగాలని నాన్న అనేవాడు కదా, అందుకని ముందే చెప్పేస్తున్నాను.

పని మారింది. ఇంతకాలం డాన్సుహాళ్ళలో కార్నెట్ బూర ఊదేవాణ్ణి. ఇప్పుడు ఇక్కడ ఒక కంపెనీ మన నల్లవాళ్ళ బ్లూస్ పాటలు రికార్డుల మీదికి ఎక్కించి మనవాళ్ళకే అమ్ముతోంది. దక్షిణాది నుంచి పాడే ఆడవాళ్ళను రప్పిస్తారు. వాళ్ళ వెనక వాయించే నలుగురిలో నేనొకణ్ణి. పొద్దున వెళ్ళేసరికి ఎవరు పాడతారో, ఏం పాడతారో మాకే తెలియదు. ఆవిడ ఒకసారి పాడి వినిపిస్తుంది. మేం అక్కడికక్కడే కూడబలుక్కుంటాం. మధ్యాహ్నం భోజనం వేళకు రెండు పాటలు మైనప్పలక మీద చెక్కేసి ఉంటాయి. మూడు నిమిషాల్లో ఎవడు తప్పు చేసినా ఆ పలక గీకి పారేసి మళ్ళీ మొదలు.

గోడలోంచి శబ్దం పట్టే ఒక పెద్ద కొమ్ము పొడుచుకొచ్చి ఉంటుంది. పాడే ఆవిడ దాని నోట్లో తలపెట్టినట్టు నిలబడుతుంది. పియానో వాయించే తెరాన్ స్టోక్‌లీగారు మా పెద్ద, జార్జియా మనిషి, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నన్ను మాత్రం గది చివర, గోడవైపు తిప్పి నిలబెట్టాడు. నా బూర మొహం చూస్తే మైనం బెదిరిపోతుందట. మొదటి వారం అవమానంగా అనిపించింది. ఇప్పుడా గోడకి ఎన్ని పెచ్చులున్నాయో నాకు లెక్క తెలుసు. పూత పనివాడి కొడుకునని, ఎక్కడెక్కడ తాపీ సరిగా పడలేదో కూడా చూసుకుంటున్నాను.

మిస్ వెర్బీనా టగుల్ అనే ఆవిడ పాడిన రికార్డు పంపుతున్నాను. ఆవిడ అంత ఏడుపు పాట పాడి, అయిపోగానే వేయించిన చేప ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

ఊరేగింపుల బ్యాండ్ల వైపు మళ్ళీ వెళ్ళను అక్కా. ఇదే నా పని.

నీ తమ్ముడు
అల్సీడ్


ఆల్జీర్స్, న్యూ ఆర్లీన్స్
1923 నవంబరు 9

తమ్ముడూ,

రికార్డు పగలకుండా వచ్చింది. మనింట్లో ఫోనోగ్రాఫు లేదు కాబట్టి పక్కింటి యుజెనీ వాళ్ళింటికి పట్టుకెళ్ళాం. సోమవారం, అందరి పొయ్యిల మీదా ఎర్ర చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. అయినా వీధి సగం వచ్చి కూర్చుంది. మీ బావ వాల్సిన్ రేవు నుంచి వచ్చినవాడు బూట్లయినా విప్పకుండా నాలుగుసార్లు వేయించుకున్నాడు.

నువ్వెక్కడున్నావో నాకు వెంటనే తెలిసింది. ఆవిడ మాట ఇంకా పూర్తి కాకుండానే తోసుకొచ్చేశావు. చిన్నప్పుడు అన్నాల దగ్గర కూడా అంతే, నా నోట్లో మాట నోట్లో ఉండగానే నువ్వు అందుకునేవాడివి. నాన్న మనిద్దర్నీ కూర్చోబెట్టి, బల్ల మీద దెబ్బలు వేస్తూ స్వరాలు చదివించిన రోజులు గుర్తొచ్చాయి. నీ చేతికి కార్నెట్ ఇచ్చాడు, నాకు మాండలిన్ ఇచ్చాడు. నాది ఇప్పుడు అటక మీద ఉంది.

ఫ్యాక్టరీలో చుట్టలు చుట్టేటప్పుడు ఆ పాటే కూనిరాగం తీస్తున్నాను. చలికి గొంతు కప్పుకో.

ఒదిల్


షికాగో
1924 ఫిబ్రవరి 17

అక్కా,

అంతా బాగుంది. మంచు ఎక్కువగా పడుతోంది. ఒకసారి కాస్త జారాను, పెద్ద దెబ్బేం కాదు. మిస్ టగుల్ మళ్ళీ వచ్చి నాలుగు పాటలు పాడింది. ఒక రికార్డు పంపుతున్నాను. పని ఒత్తిడి వల్ల ఎక్కువ రాయలేకపోతున్నాను.

అల్సీడ్


ఆల్జీర్స్
1924 మార్చి 10

అల్సీడ్,

ఈ రికార్డులో ఊదింది నువ్వు కాదు.

ఎవరో గానీ బాగా ఊదాడు. చాలా మర్యాదస్తుడు. ఆవిడ నోరు మూసేదాకా ఆగి, అప్పుడు జవాబు చెప్పాడు. నువ్వు పుట్టాక ఒక్కసారి కూడా అలా ఆగలేదు. వాల్సిన్, యుజెనీ నీదేననుకుని మెచ్చుకున్నారు. నేను వాళ్ళకేం చెప్పలేదు.

నీ ఉత్తరం ఐదు వరసలుంది. నీకేమైంది? కోపంగా అడగడం లేదు. నిజం రాయి.

ఒదిల్


షికాగో
1924 ఏప్రిల్ 2

అక్కా,

జనవరి ఆఖరున ట్రామ్ దిగుతుంటే మెట్టు మీద మంచుకి కాలు జారింది. నోరు వెళ్ళి ఇనుప కమ్మీకి తగిలింది. పైవరసలో ముందు పళ్ళు రెండూ పోయాయి. పెదవి చీలితే ఐదు కుట్లు వేశారు. కుట్లు మానాయి. పళ్ళ డాక్టరు కట్టుడు పళ్ళు పెట్టాడు, వాటితో మొక్కజొన్న రొట్టె తినొచ్చు గానీ బూర ఊదలేను. గాలి పెదవి మూలనుంచి పోయి, కాగుతున్న కెటిల్ మూతలా చప్పుడొస్తుంది. కుట్లు మానాక రోజూ ప్రయత్నించాను.

ఆ రికార్డులో ఊదినవాడు లెమ్యుయెల్ క్వార్ల్స్. ఆ రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. తలుపు పక్కన కుర్చీలో, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. నేను నిలబడే చోట, నా గోడకి ఎదురుగా, అతను నిలబడ్డాడు. మంచివాడు. వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. వెయ్యకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడు మాంసం ఫ్యాక్టరీలో తోళ్ళకు ఉప్పు పట్టించే పని చేస్తున్నాను. స్టోక్‌లీగారు రోడ్డు మీద కనిపిస్తే ఆగి పలకరిస్తాడు. మా బాంజో ఆయన వచ్చే చలికాలం మొదట్లో గుడారాల్లో ఆటలాడే కంపెనీతో ఊళ్ళు తిరగడానికి వెళ్ళిపోతున్నాడట, ఆయన చోటు కూడా ఖాళీ అవుతుందని చెప్పాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నాం. నేనూ ఇంటికొచ్చేసి, పెదనాన్న కొడుకులతో కలిసి పూత పనిలోకి దిగుదామనుకుంటున్నాను. నీకు అబద్ధం రాసినందుకు క్షమించు.

అల్సీడ్


ఆల్జీర్స్
1924 ఏప్రిల్ 12

తమ్ముడూ,

ఏడవాల్సింది నిన్న ఏడ్చేశాను. ఇవాళ ఆలోచిస్తున్నాను.

పళ్ళతో పనిలేనివి ఏమున్నాయి? పియానో ముందు మీ పెద్దాయన ఉన్నాడు, ఆయన లేవడు. డోలు దెబ్బలు కొమ్ముకి పట్టవని నువ్వే ఇదివరకు రాశావు. వయొలిన్‌కి నీకు పదేళ్ళు పడుతుంది. ఇక మిగిలింది బాంజో. మీ రికార్డులు రెండూ మళ్ళీ మళ్ళీ విన్నాను. పాడే ఆవిడ తర్వాత అన్నిటికంటే తేటగా వినిపించేది అదే. పైగా చోటు ఖాళీ అవుతోందని నువ్వే రాశావు. రాసి, ఆ పక్క వాక్యంలోనే ఇంటికొస్తానన్నావు.

మీవాళ్ళు వాయించే నాలుగు తీగల బాంజోకి శ్రుతి చేసే వరస నా మాండలిన్ వరసే, కాస్త కింద నుంచి మొదలవుతుంది, అంతే. నాకు మాండలిన్ వచ్చు. నీకు చదవడం వచ్చు. వారానికో పాఠం పంపుతాను. తోళ్ళ పని మానకు, తిండి కావాలి. పాతదైనా సరే, ఒక బాంజో సంపాదించు.

మాండలిన్ అటక మీంచి దింపాను. ఒక తీగ తెగింది, మిగతావి పలుకుతున్నాయి. మొదటి పాఠం వెనక పేజీలో ఉంది. తీగల బొమ్మ గీసి, వేళ్ళు ఎక్కడ పెట్టాలో చుక్కలు పెట్టాను. ఆ మూడు చోట్లూ కళ్ళు మూసుకుని పట్టుకోగలిగేదాకా ఇంకేమీ వాయించొద్దు.

ఒదిల్


షికాగో
1924 మే 20

అక్కా,

ఒక బాంజో దొరికింది. మెడ మీద ఎవరో కత్తితో పేరు చెక్కి, మళ్ళీ చెరిపేశారు. ఉప్పుకి నా వేళ్ళు పగిలి ఉన్నాయి, వాటి మీద తీగ ఆనితే ప్రాణం పోతోంది. స్టోక్‌లీగారికి చెప్పాను. నవ్వలేదు. 'నవంబర్లో వచ్చి వినిపించు' అన్నాడు.

రెండో పాఠంలో చిటికెన వేలు పెట్టమన్న చోట నాకు అందడం లేదు. నా చెయ్యి చిన్నదా, నీ చుక్క తప్పా?

అల్సీడ్


ఆల్జీర్స్
1924 జూన్ 3

తమ్ముడూ,

చుక్కే తప్పు. బాంజో మెడ మాండలిన్ కంటే పొడుగు, మెట్లు ఎడం. మాండలిన్ మీద సునాయాసంగా అందేది దాని మీద అందదు. అక్కడ చిటికెన వేలొద్దు. చెయ్యి మొత్తం రెండు మెట్లు కిందికి జరుపు. పాత పాఠాలు కూడా అన్నీ సరిచేసి పంపుతున్నాను, ముందువి చింపెయ్యి.

నాకెలా తెలిసిందని అడక్కు. తెలిసింది.

ఏడో పాఠం దగ్గర్నుంచి బ్లూస్ పాట పన్నెండు ఆవర్తాలూ వస్తాయి. ఎడమచేతిని మరిచిపో. అంతా కుడిచేతిలో ఉంది. ఆవర్తానికి నాలుగు దెబ్బలు, ఒకటి పెద్దదీ కాదు, ఒకటి చిన్నదీ కాదు.

ఒదిల్


షికాగో
1924 నవంబరు 23

అక్కా,

అయిపోయింది. నిన్న వెళ్ళాను.

వేళ్ళన్నీ సరిగ్గా పడ్డాయి, ఒక్క స్వరం తప్పలేదు. ఏడు నెలల్లో నీ పాఠాలు ముప్ఫై రెండు, అన్నీ ఒంటబట్టాయి. అయినా స్టోక్‌లీగారు మూడుసార్లు ఆపేశాడు. మూడోసారి పియానో మూత వేసి, 'అల్సీడ్, పాడే ఆవిడ ఇంకా వీధి చివర ఉండగానే నువ్వు ఇంటికెళ్ళి పడుకుంటున్నావు' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాంజో భుజానేసుకుని బయటికొచ్చాను.

నేను బూర వాయించేవాణ్ణి. ముందు నడవడమే నాకు తెలుసు. వెనకుండి లయ పట్టుకోవడం నా రక్తంలో లేదు. అది రాని మనిషికి వేళ్ళెక్కడ పెట్టాలో తెలిసి ఏం లాభం? బాంజో అమ్మేస్తాను. క్రిస్మస్ కల్లా ఇంటికొస్తాను. ఇక పాఠాలు పంపకు. నువ్వు పడిన శ్రమకి నేనెప్పుడూ

ఇంక రాయలేను.

అల్సీడ్


ఆల్జీర్స్
1924 డిసెంబరు 1

అల్సీడ్,

నా శ్రమ సంగతి నీకేం తెలియదు. ఇప్పుడు చెబుతాను విను.

మాండలిన్ మీద చూసి బాంజో పాఠం రాయడం కుదరదని నాకు రెండో నెలకే అర్థమైంది. యుజెనీ పోయిన మొగుడి బాంజో బీరువాలో ఉంది. మే నెల నుంచి ఫ్యాక్టరీ కాగానే రోజూ ఒక గంట వాళ్ళ వెనక గదిలో కూర్చున్నాను. ప్రతి పాఠం ముందు నేను నేర్చుకుని, తర్వాత నీకు పంపాను. కొన్ని వారాలు నీకంటే ఒక్క రోజే ముందున్నాను.

ఆగస్టులో ఒవీద్ లకాజ్‌గారు కోట్లు కుట్టించుకోవడానికి యుజెనీ దగ్గరికొచ్చాడు. సరస్సు ఒడ్డున మిల్న్‌బర్గ్‌లో ఆదివారాలు వాయించే బ్యాండు ఆయనది. గోడ అవతల నుంచి విని, వాయించేది ఎవరని అడిగాడట. నేనని తెలిసి, తన బ్యాండులోకి రమ్మన్నాడు. వాల్సిన్ రెండు రోజులు రేవు నుంచి ఆలస్యంగా వచ్చాడు. మూడో రోజు, 'మొగుడున్న మనిషివి, ఆ గుంపు ముందు కూర్చుని తీగలు మీటుతావా' అన్నాడు. లకాజ్‌గారికి నేను రానని చెప్పాను. మా ఆయన ఒప్పుకోవడం లేదన్నాను.

అది అబద్ధం. వాల్సిన్ ఇంకో వారానికి మెత్తబడేవాడే. భయం నాది. నాన్న మనిద్దరికీ ఒకటే చదువు చెప్పాడు, ఊరేగింపు రోజున మాత్రం నిన్ను వీధిలోకి పంపి నన్ను కిటికీలో నిలబెట్టాడు. అలా నిలబడీ నిలబడీ నాకు కిటికీయే అలవాటైపోయింది. నీకు పాఠాలు రాస్తూ, ఇదంతా తమ్ముడి కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఆ గంట కోసం నేను రోజంతా చుట్టలు చుడుతున్నాను.

నువ్వు మానేస్తే నాకిక సాకుండదు, నేనూ మానేస్తాను. ఇద్దరం ముసలివాళ్ళమై ఈ వరండాలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటాం. నాకది ఇష్టం లేదు.

నీ జబ్బు లయ లేకపోవడం కాదు, తొందర. దానికి మందుంది. జపమాల పట్టుకుని కూర్చో. పట్టుకోవడమంటే నోటితో. మరియతల్లిని తలిచే మంగళవార్త జపం పైకి చెబుతూ వాయించు. చర్చిలో ఫాదర్ చెప్పే వేగమే, అంతకు మించొద్దు. నీ చెయ్యి ముందుకెళ్తే మాటలు మింగేస్తావు, నీకే తెలుస్తుంది. మాలలోని యాభై మూడు జపాలూ మింగకుండా చెప్పగలిగిన రోజున మళ్ళీ స్టోక్‌లీగారి దగ్గరికి వెళ్ళు. ఈలోగా నేను లకాజ్‌గారికి మళ్ళీ కబురు పెడతాను. మనిద్దరిలో ముందు ఎవరు బ్యాండెక్కుతారో చూద్దాం.

బాంజో అమ్మావంటే నాకు తమ్ముడు లేడు.

ఒదిల్


షికాగో
1925 ఫిబ్రవరి 8

అక్కా,

అమ్మలేదు. ఉత్తరం ఐదుసార్లు చదివి, బాంజో గోడ మేకు మీంచి దించాను.

నాకు గది అద్దెకిచ్చిన మిసెస్ హ్యాచర్ బాప్టిస్టు. తలుపు కొట్టి, 'బాబూ, మీ క్యాథలిక్కులు దేవుణ్ణి ఇలా కూడా పిలుస్తారా' అని అడిగింది. వైద్యమండీ అని చెప్పాను. కుట్టుపని తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంటోంది. ఇప్పుడు నేను తొందరపడితే నాకంటే ముందు ఆవిడకే తెలిసిపోతోంది. సూది ఆపి, 'మళ్ళీ పరిగెత్తావు' అంటుంది.

మొదటి వారం పది జపాలు దాటలేదు. ఇప్పుడు ముప్ఫై ఒకటి.

అల్సీడ్


షికాగో
1925 జూన్ 19

అక్కా,

ఎక్కాను.

మార్చిలోనే యాభై మూడూ చెప్పగలిగాను. అయినా వెంటనే వెళ్ళలేదు. నాలో ఇంకా తొందర ఉందేమోనని రెండు నెలలు ఆగాను. బాంజో చోటులో అప్పటికీ ఎవరూ కుదురుకోలేదు. మే నెలాఖరున వెళ్తే స్టోక్‌లీగారు పియానో ముందు కూర్చుని పాట మొదలుపెట్టాడు. చివరిదాకా ఆపలేదు. రెండో పాటకీ ఆపలేదు. లేచి కోటు తొడుక్కుంటూ, 'రేపు పదింటికి రా' అన్నాడు.

మర్నాడు పాడింది మిస్ టగులే. నన్ను చూసి, ఈయన ఇదివరకు బూరాయన కదా అని అడిగింది. రికార్డు చేసే కొత్త మనిషి బాంజో మోత ఎక్కువని నా కుర్చీని వెనక్కి, ఇంకా వెనక్కి జరిపిస్తూనే ఉన్నాడు. నాకేం బాధ లేదు. ఆవిడ మాట ఎక్కడ ముగించిందో విన్నాను. నా జీవితంలో మొదటిసారి, ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా విన్నాను. క్వార్ల్స్ ఆ ఖాళీలో బూరతో వచ్చాడు. అతని అడుగు నా దెబ్బ మీద పడింది. అది ఎంత బాగుంటుందో నాకింతకాలం తెలియదు.

ఇప్పటికి పద్నాలుగు పాటలయ్యాయి. తోళ్ళ పని మానేశాను. కొమ్ము తీసేసి ఏదో కరెంటు యంత్రం పెడతారని చెప్పుకుంటున్నారు. దానికి బాంజో పనికిరాకపోతే గిటార్ నేర్చుకుంటాను. నేర్చుకోవడం ఎలాగో ఇప్పుడు నాకు తెలుసు.

ఒక మాట చెప్పాలి. స్టోక్‌లీగారు నీకెవరు నేర్పారని అడిగితే, మా అక్క అన్నాను. ఆవిడ ఎక్కడ వాయిస్తుందని అడిగాడు. ఎక్కడా వాయించదు, చుట్టలు చుడుతుందన్నాను. ఆయన నావైపు ఒకసారి చూసి పియానో వైపు తిరిగాడు. ఆ రాత్రి నీ పాఠాలన్నీ మళ్ళీ తీసి చూశాను. లకాజ్‌గారి సంగతి నువ్వు మళ్ళీ ఎత్తలేదు. కబురు పెట్టావా?

నీ తమ్ముడు
అల్సీడ్


ఆల్జీర్స్
1925 సెప్టెంబరు 7

తమ్ముడూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నానంటే, రాయడానికి నా దగ్గర ఏదైనా ఉండాలని ఆగాను.

డిసెంబర్లోనే కబురు పెట్టాను. లకాజ్‌గారు అప్పటికి ఇంకొకర్ని పెట్టుకున్నాడు. చోటు లేదన్నాడు. నీకు రాయలేదు, రాస్తే నువ్వు మళ్ళీ ఆగిపోతావని. నేను మాత్రం ఆపలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం మిల్న్‌బర్గ్ వెళ్ళి, వాళ్ళు విరామానికి దిగినప్పుడు ఆయన ఎదురుగా నిలబడి, ఈ నెల చోటుందా అని అడిగాను. ఏడు నెలలు అడిగాను. మూడో నెలకి ఆయన నవ్వడం మానేశాడు. ఎనిమిదో నెల, ఆగస్టులో, ఆ మనిషి ఓడలో పనికి వెళ్ళిపోయాడు. నేను అడగకముందే ఆయన నావైపు నడిచొచ్చాడు.

నిన్న నేను బ్యాండులో కూర్చున్న మొదటి ఆదివారం. వాల్సిన్ తన పెళ్ళికోటు ఇస్త్రీ చేసుకున్నాడు. బాంజో పెట్టె తనే మోశాడు. నది దాటే పడవలో ఎవరో, 'ఏం వాల్సిన్, నువ్వు వాయిద్యం ఎప్పుడు నేర్చుకున్నావు' అంటే, 'నాది కాదు, మా ఆవిడది' అన్నాడు. అవతల రైలెక్కి దిగేదాకా పెట్టె నాకివ్వలేదు.

బ్యాండు వాయించే మంటపం ముందు పలక మీద వాయించేవాళ్ళ పేర్లు రంగుతో రాసి ఉన్నాయి. నాది ఆఖరున ఉంది. మీ బావ ఇంటిపేరుతో 'శ్రీ ఓ. లెదూ' అని రాశారు. బాంజో అంటే మగవాడే అనుకుని ఉంటాడు రాసినవాడు. లకాజ్‌గారు, 'జనం వచ్చేశారు, ఈ పూటకి పోనిద్దూ, ఎవరు చదువుతారు' అన్నాడు. 'నేను చదివాను' అన్నాను. రంగు తెచ్చేదాకా మెట్టెక్కలేదు. పది నిమిషాలు అందరూ నన్నే చూశారు, బ్యాండువాళ్ళు, టికెట్లు కొన్నవాళ్ళు, మీ బావ. అయినా అక్కడే నిలబడ్డాను. పేర్లు రాసిన అబ్బాయి దొరక్కపోతే చివరికి లకాజ్‌గారే కుంచె పట్టుకుని, గొణుక్కుంటూ 'శ్రీ' కొట్టేసి 'శ్రీమతి' అని రాశాడు, 'ఓ'కి బదులు ఒదిల్ అని మొత్తం పేరు రాశాడు.

ఆ రంగు ఆరేదాకా ఆగలేదు. ఎక్కి కూర్చున్నాను.

నీ అక్క
ఒదిల్